ఐదు సెంటీమీటర్ల ప్రార్థన

నార్కట్‌పల్లిలో నాకు సరిపడే చొక్కా కుట్టగల దర్జీ లేడు. ఉన్న నలుగురి దగ్గరా కుట్టించి చూశాను. నలుగురూ కూడబలుక్కున్నట్టు, ఛాతీ దగ్గర నాతోపాటు ఇంకొకరు దూరేంత వదులుగా కుట్టి ఇచ్చారు. నేను పాఠం చెప్పే జూనియర్ కాలేజీలో పిల్లలు అది మీ అన్న చొక్కానా సార్ అని అడుగుతారు. నాకు అన్న లేడు. పోయిన నెల బస్టాండు వెనక కొత్తగా మిషను పెట్టిన ఐదో దర్జీ దగ్గరికి పోయాను. పెద్దమనిషి, కళ్ళద్దాలు ముక్కు కొసకు దిగి ఉన్నాయి. టేపు చుట్టాడు, అంకె చూశాడు, నా ముఖం చూశాడు, టేపు తీసి మెడలో వేసుకున్నాడు. నన్ను స్టూలు మీద కూచోబెట్టి ఈ ఏడు వానల సంగతి ఎత్తుకున్నాడు. నేను వానల్లో మునిగి ఉండగా గబుక్కున మళ్ళీ టేపు చుట్టి అంకె రాసుకున్నాడు. "టేపు తాకంగనే రొమ్ము ఉబ్బిస్తున్నరు సారూ. ఎన్నడన్న పోలీసు నౌకరికి పోయిన్రా?" అన్నాడు. పోయానన్నాను. వచ్చిందా అన్నాడు. చొక్కా ఎప్పుడిస్తావని అడిగాను.

ఆ ప్రశ్న అక్కడితో పోయేదే. కానీ అదే నెలలో అవ్వ పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికకు ఊరికి పోవాల్సి వచ్చింది. అవ్వ అంటే మా బాపు తల్లి. వానలు మొదలైన వారంలో, ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టకుండా, పొద్దున చాయ తాగి పోయింది. రేషన్ కార్డులో ఎల్లమ్మ, చర్చి సంఘం రిజిస్టరులో ఎలీసబెతు. ఆ రెండు పేర్లూ కాగితాల మీదే ఉండేవి, ఊరందరికీ ఆమె అవ్వే. చదువు రాదు. అయినా ఆమెకు బైబిలు ఉండేది, దానికి జిప్పు సంచి ఉండేది, ఆ జిప్పు సంచి మాత్రం బాగా వాడకంలో ఉండేది. కూడికకు వచ్చినవాళ్ళకు చూపిద్దామని అమ్మ ఆ సంచి తెరిస్తే మోకాళ్ళ నొప్పుల గోలీలు, ఛాతీ పొంగించి దిగిన నా పాస్‌పోర్టు ఫొటో, వాటి అడుగున చుట్ట చుట్టిన నల్లదారం ఒకటి బయటికి వచ్చాయి. దారానికి మూడు ముడులు. ఒకటి దూరంగా, రెండు పక్కపక్కనే ఒకదానికొకటి ఆనుకుని. మా దోస్తు మల్లేశు డ్యూటీ నుంచి నేరుగా వచ్చి యూనిఫాంలోనే కూచుని ఉన్నాడు. దారం చూసి, "గిది ఇంక ఉన్నదారా" అని నవ్వడం మొదలుపెట్టాడు. వాడు నవ్వాడని నేను నవ్వాను. దుఃఖం ఎక్కువైతే కొందరికి ఇట్లా అవుతుందని ఇప్పటి పాస్టరు మా అమ్మకు నచ్చజెప్పాడు. ఆయన కొత్తవాడు, ఆ దారం సంగతి తెలియదు. పాత పాస్టరుకైతే బాగా తెలుసు.

మా ఊరు మర్రిగూడ మండలంలో ఉంది. అక్కడి నీళ్ళ గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. మా బోరు నీళ్ళు తాగితే దప్పిక పోయేది, కొన్నేళ్ళకు మోకాళ్ళు పోయేవి. మేం ఎక్కడికి పోయినా ఏ ఊరని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, నోరు తెరిస్తే పళ్ళ మీద గోధుమరంగు గారతో రాసి ఉండేది. బడిలో గ్రూపు ఫొటో తీయడానికి వచ్చిన మనిషి నవ్వమంటే వరసకు వరస పెదాలు బిగించేది. ఆ ఫొటోలో అందరికీ ఒకేసారి శిక్ష పడినట్టు ఉంటుంది. నేను నవ్వకుండా ఎదుటివాణ్ణి నవ్వించడం అట్లా నేర్చుకున్నాను. తోటి లెక్చరర్లు దాన్ని నా చమత్కారం అంటారు. అది ఫ్లోరైడు.

అవ్వకు పళ్ళతో ఆగలేదు. ఆమె తరానికి ఆ నీళ్ళు ఎముకల దాకా పోయాయి. మెడ తిరగదు, నడుము వంగదు, మోకాలు ముడుచుకోదు. పక్కన ఉన్న మనిషిని చూడాలంటే ఎడ్లబండి మళ్ళినట్టు మనిషంతా మళ్ళాల్సిందే. పొద్దున ఆమె లేవడం మా ఇంట్లో ఒక కార్యక్రమం. అమ్మ పొయ్యి మీద జొన్న గటుక పెట్టి, అది ఉడుకు పట్టేలోపు వచ్చి ఒక భుజం పట్టేది. రెండో భుజం నేనో బాపో పట్టేవాళ్ళం. పడి ఉన్న స్తంభాన్ని నిలబెట్టినట్టు నులక మంచం నుంచి అవ్వను లేపి నిలబెట్టేవాళ్ళం. కీళ్ళకు రాసిన ఆముదం, ఉడుకుతున్న జొన్నలు, బాపు బట్టల్లోని డీజిలు, మా ఇంట్లో తెల్లవారడం అంటే ఈ మూడు వాసనలు. ఒకసారి నిలబడ్డాక ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు. నిలబడటంలో ఆమెను మించినవాళ్ళు లేరు.

చర్చిలో మాత్రం చిక్కు వచ్చేది. అప్పటి పాస్టరు గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు, నా కంటే ఐదారేళ్ళు పెద్ద, మంచివాడు. మైకు లేకుండా దేవునితో మాట్లాడటం మాత్రం ఆయనకు అలవాటు లేదు. ప్రార్థనకు ముందు మోకరించమనేవాడు, తలలు వంచమనేవాడు, కళ్ళు మూసుకోమనేవాడు. మూడింటిలో అవ్వ చేయగలిగింది చివరిదొక్కటే, అదీ చేసేది కాదు. సంఘమంతా నేలకు ఒంగి ఉంటే ఆమె ఒక్కతే గోడకు ఆనుకుని నిటారుగా నిలబడి, రెండు కళ్ళూ తెరిచి ఆయన్నే చూస్తూ ఉండేది. కళ్ళు మూసుకున్నవాళ్ళ ముందు ఎంతసేపైనా ప్రార్థన చేయవచ్చు. ఎవరైనా చూస్తుంటే కష్టం. ఆయన ప్రార్థనలు నెలనెలకూ పొట్టిగా అవుతున్నాయని అందరూ గమనించారు. కారణం అవ్వ అని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ కళ్ళు మూసుకునేవాణ్ణి కాదు.

అవ్వ సొంత ప్రార్థన ఇంకా పొట్టిది. ఊపిరి తీస్తూ "అయ్యా" అనేది, వదులుతూ "ఉన్నవా" అనేది. అంతే. పైకి వినపడదు, పెదాలు కొద్దిగా కదిలేవి, ముక్కు దగ్గర చిన్న చప్పుడు వచ్చేది. వయసులో ఉన్నప్పుడు ఆమె మంచినీళ్ళ కోసం గుట్ట అవతలి ఊరి బావికి పోయేదట. తిరుగుదారిలో నెత్తి మీద ఒక కడవ, చంకలో ఒక కడవ, ఎదురుగా ఎక్కుడు. ఆ రోజుల్లో ఊళ్ళు తిరిగే ఒక బైబిలమ్మ ఆమెకు పెద్ద ప్రార్థన ఒకటి నేర్పింది. కూచుని చెబితే అంతా వచ్చేది, గుట్ట ఎక్కుతూ చెబితే మొదటి మాటకే ఆయాసం వచ్చేది. అంత చెప్పలేకపోతే ఊరికే పిలువమ్మా, చాలు అందట బైబిలమ్మ. పిలవడానికి అవ్వకు తెలిసిన పద్ధతి ఒకటే. పక్కింటికి నిప్పుకో మజ్జిగకో పోయినప్పుడు ఎట్లా పిలుస్తారో అట్లా పిలిచింది. కాళ్ళకు గుట్ట ఎక్కే పని తప్పిపోయి, ఆ కాళ్ళే పనికిరాకుండా పోయాక కూడా ఆ పిలుపు మాత్రం మిగిలింది.

గుంటూరు పాస్టరుకు అది ఒకసారి వినపడింది. ఉన్నావా అని అడగకూడదు, అనుమానపడ్డట్టు ఉంటుంది, ఉన్నావు అని విశ్వాసంతో అనాలమ్మా అని మర్యాదగానే సరిదిద్దాడు. అవ్వ ఆయన వైపు పూర్తిగా మళ్ళేదాకా ఆగి జవాబిచ్చింది. "ఒగలింటికి వోతె దర్వాజ కాడ నిలవడి ఉన్నవా అంటం. ఉన్నవు అనుకుంట లోపల్కి వోతె కుక్క కరుస్తది, పాస్టరయ్యా."

తాత పోయినప్పుడూ, బాపు టాంకరు బోల్తా పడిందని కబురొచ్చినప్పుడూ ఆమె అదే చేసిందని అంటారు. నేను చూసిన రోజుల్లో చిన్న కష్టాలకు కూడా చేసేది. కూరలో ఉప్పు ఎక్కువైతే చేసేది. అమ్మ మీద కోపం వస్తే తిట్టేది కాదు, గోడకు ఆనుకుని ఊపిరి తీసేది. ఆ చప్పుడు మొదలైతే అమ్మ చేతిలో పని ఆపి, పొద్దుటి నుంచి తానేమేం చేసిందో గుర్తుచేసుకునేది. తిట్టిపోసినా బాగుండు, నేరుగా పైకే చెప్తాంది అని నాతో వాపోయేది. బాపు లెక్క వేరు. బాప్తిస్మం తీసుకున్న ఏడే అవ్వ చుట్ట తాగడం మానేసింది. ఆ గుంజుడూ వదులుడూ పాత అలవాటేనని, పొగ పోయి ప్రభువు మిగిలాడని ఆయన అనుమానం. ఆమె ముందు మాత్రం అనేవాడు కాదు.

ఆ టాంకరు నీళ్ళ టాంకరు. బాపు అందులో కృష్ణా నీళ్ళు నింపుకొచ్చి మండలంలో ఊళ్ళకు పోసేవాడు. బండి వేరొకరిది, కానీ ఆయన కడిగే తీరు చూస్తే ఆయనదే అనిపించేది. తెలంగాణ వచ్చాక ఇంటింటికీ నల్లా వస్తుందన్నారు. మా సంఘం మంచినీళ్ళ కోసం ఏళ్ళ తరబడి ప్రార్థించింది, బాపు ముందు వరసలో నిలబడి ప్రార్థించాడు. పైపుల కోసం రోడ్డు పక్కన కందకం తవ్వడం మొదలైన ఆదివారం, దేవుడు విన్నాడని చర్చిలో అందరూ చప్పట్లు కొట్టారు. బాపూ కొట్టాడు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూచున్నాక, నల్లాలో నీళ్ళొస్తే టాంకరును ఎవరు పిలుస్తరు అని అమ్మ అడిగింది. అన్నేళ్ళు ప్రార్థించినవాళ్ళకు ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. ఊరి మేలుకూ మా ఇంటి మేలుకూ మధ్య దేవుడు ఊరి వైపు నిలబడ్డాడు. తప్పు పట్టడానికి లేదు.

కందకం మా ఇంటి వైపు వస్తున్న రోజుల్లోనే కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది. నేను జువాలజీతో డిగ్రీ పూర్తి చేసి, దాంతో ఏం చేయాలో తెలియక ఊళ్ళో తిరుగుతున్నాను. నాకు జతగా మల్లేశు. వాళ్ళది గొర్లమంద, వాడికీ డిగ్రీ ఉంది, గొర్లకు ఆ సంగతి తెలియదు. ఇద్దరం దరఖాస్తు పెట్టి మొదటి రాత పరీక్ష దాటాము. తర్వాత నల్లగొండలో ఉరకాలి, దుంకాలి, ఛాతీ కొలిపించుకోవాలి. ఉరుకుడుకు నాకు భయం లేదు. ఛాతీతోనే చిక్కు వచ్చింది. గాలి పీలిస్తే అది ఐదు సెంటీమీటర్లు పెరగాలి. గొర్లను అదిలించీ అదిలించీ మల్లేశు ఛాతీ దానంతట అదే పెరిగి కూచుంది. నాది మూడు పెరిగి ఆగిపోయింది. బాపుకు ఇంకెన్నాళ్ళు పని ఉంటుందో కందకం చూసి చెప్పవచ్చు, అది రోజుకు నాలుగిళ్ళు దాటుకుంటూ వస్తోంది. మా ఇల్లంతా ఆ మిగతా రెండు సెంటీమీటర్ల మీద నిలబడి ఉందన్నమాట.

అవ్వ ఊపిరిని శాస్త్రీయంగా గమనించడం నేను అప్పుడు మొదలుపెట్టాను. పక్కటెముకలు బిగుసుకుపోయిన మనిషి. అయినా గాలి అంత నిదానంగా, అంత లోతుకు ఎట్లా పోతోంది? కడుపుకూ ఛాతీకీ మధ్య ఉండే పొర కిందికి దిగితే గాలి ఎక్కువ పడుతుందని నేను డిగ్రీలో బొమ్మ గీసి చూపించాను. అవ్వ బొమ్మ లేకుండా చేస్తోంది. నాకూ నేర్పమన్నాను. ప్రార్థన నేర్చుకుంటానన్న మనుమడిని చూసి ఆమె ముఖం వెలిగింది. ఛాతీ సంగతి దాచకుండా చెప్పేశాను. నిజాయితీ వల్ల కాదు, కొలవడానికి ఒక మనిషి కావాలి. ఆమె ఏమీ అనుకోలేదు. కళ్ళ కోసం ప్రభువు కాడికి పోయినోళ్ళు ఉన్నరు, కాళ్ళ కోసం పోయినోళ్ళు ఉన్నరు, ఛాతీ కోసం ఎందుకు పోవద్దు అన్నది.

టేపు మీద అంకెలు ఆమెకు రావు. పశువుకు పలుపు తాడు కొలిచినట్టు నల్లదారంతో కొలిచింది. ఊరికే నిలబడితే ఎంతో అక్కడ ఒక ముడి. ఐదు సెంటీమీటర్లు పెరిగితే ఎంతో అక్కడ, మల్లేశు టేపు పెట్టి చూపిస్తే, ఇంకో ముడి. ఇవాళ ఎంత పొంగానో అక్కడ మధ్యలో మూడో ముడి. ఆ మధ్య ముడి మాత్రం ప్రతి సాయంత్రం విప్పి జరిపి కట్టేది. ఎదిగిన మనుమణ్ణి అంగీ విప్పి వాకిట్లో నిలబెట్టి, ముసలమ్మ వంగకుండా చేతులు చాచి దారం చుడుతుంటే, రోడ్డు మీద పోయేవాళ్ళు మేకను బేరం చేస్తున్నట్టు చూసి పోయేవాళ్ళు. పాఠం మాత్రం ఆమె అనుకున్నంత తొందరగా ఎక్కలేదు. నేను రెండు ఊపిర్లకు ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. ముక్కుతోనా నోటితోనా, ఎన్ని సార్లు, ఎంతసేపు, మధ్యలో ఆగాలా. ఆమె సమాధానం చెప్పేది కాదు, మళ్ళీ మొదటి నుంచి అనేది.

మల్లేశుకూ కావాల్సి వచ్చింది. వాడికి ఛాతీతో పని లేదు, భయంతో పని. నేను మల్లన్నను మొక్కుతా గదా అవ్వా, నాకు పనిచేస్తదా అని అడిగాడు. పాస్టరు అక్కడ లేడు కాబట్టి అవ్వ స్వేచ్ఛగా జవాబిచ్చింది. నువ్వు ఎవలను పిలుస్తవో నాకెర్క లేదు గని, ఊపిరి మాత్రం నీది కాదు, గది యాదికుంచుకో అన్నది. వాడు వారం రోజులు చేసి, రెండో మాట వదిలేశాడు. మల్లన్న ఉంటడని నాకెర్కనే, ఉన్నవా అని అడుగుడెందుకు, "అయ్యా" అని గుంజి ఆగుత, చాలు అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు తర్వాత నాకు పనికి రాలేదు.

మధ్య ముడి సగం దూరం జరిగిన రోజుల్లో పాస్టరు గారు ఇళ్ళు దర్శిస్తూ మా ఇంటికి వచ్చాడు. అవ్వ చర్చిలో చూసినట్టే ఇంట్లోనూ చూస్తోంది కాబట్టి ఆయన గోడ వైపు చూశాడు. గోడకు వాక్యం రాసిన కేలండరు, కేలండరు మేకుకు వేలాడుతూ మూడు ముడుల నల్లదారం. ఆయన ముఖం మారింది. ఏమీ అడగకుండా చాయ సగంలో వదిలి లేచాడు. ఆ ఆదివారం ప్రసంగమంతా తాయెత్తుల మీద. యేసు నామం కింద నల్లదారాలు వేలాడదీసే ఇళ్ళున్నాయి, రెండు పడవల మీద కాళ్ళు పెట్టేవాళ్ళున్నారు, పేరు చెప్పను అన్నాడు. పేరు చెప్పాల్సిన అవసరం లేకుండా తలలన్నీ మా వైపు తిరిగాయి. తిరగని తల అవ్వది ఒక్కటే, అది మొదటి నుంచీ ఆయన వైపే ఉంది.

ప్రసంగం అయ్యాక అవ్వ గోడ వదిలి ముందుకు నడిచింది. నన్ను పిలిచింది. అంగీ విప్పమంది. బైబిలు సంచి జిప్పు తీసి, పొద్దున మేకు నుంచి తీసి పెట్టుకున్న దారం బయటికి తీసింది. ముందటి వరసలో ఆడవాళ్ళు ఉన్నారని చెప్పి చూశాను, వాళ్ళందరూ నీకు ముడ్డి కడిగినోళ్ళే అన్నది. సంఘం ముందు, మైకు పక్కన, నా ఛాతీ చుట్టూ దారం చుట్టి ఒక్కో ముడికీ అర్థం చెప్పింది. ఈ ముడి పోరనిది, ఈ ముడి సర్కారుది, నడుమ ఉన్నది దేవుడు ఎంతవరకు వచ్చిండో గది. పాస్టరు గారు కాసేపు దారాన్నీ నన్నూ చూశాడు. మనిషి మంచివాడన్నానుగా. పొరబడ్డానమ్మా అని మైకులోనే ఒప్పుకున్నాడు, అంతటితో ఊరుకోకుండా ఈ బిడ్డ ఛాతీ విశాలమయ్యేట్టు సంఘమంతా ప్రార్థించాలన్నాడు. ప్రార్థించారు. పేరు పెట్టి, అంగం పెట్టి ప్రార్థించారు. బాపు ఛాతీ అన్న మాట దగ్గర గట్టిగా ఆమేన్ అన్నాడు. అంగీ వేసుకోవచ్చో లేదో తెలియక నేను మధ్యలో నిలబడి ఉన్నాను.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేను పిలిచింది దేవుణ్ణి కాదు, ఛాతీని. ఒక్కసారే వేరుగా జరిగింది. కందకం మా వాకిలి దాటిన మధ్యాహ్నం, టాంకరు యజమాని వచ్చి బాపుతో బయటే నిలబడి మాట్లాడి పోయాడు. బాపు లోపలికి వచ్చి, వచ్చే నెల నుంచి ట్రిప్పులు ఉండవట అని, ఎవరో బంధువు చాయకు రానని కబురు పెట్టినట్టు చెప్పాడు. నాకు ఊపిరి అందలేదు. పత్తికట్టె పేర్చిన మూలకు పోయి కూచుని, వేరే దారి లేక, అయ్యా, ఉన్నవా అన్నాను. లెక్కపెట్టలేదు. ఎంతసేపో తెలియదు. కోడి ఒకటి వచ్చి నా కాలు పక్కన గీరుకుంటూ ఉంది, దాని కాళ్ళ చప్పుడు వినపడింది, తర్వాత చాలా దూరం నుంచి మల్లేశు వాళ్ళ గొర్ల చప్పుడు వినపడింది. భయం పోలేదు, కానీ అది నా మీద నుంచి దిగి పక్కన కూచుంది. దారం గురించి ఆ పూటే మొదటిసారి మరిచిపోయాను. మరిచిపోయానని గుర్తుకు రాగానే లేచి పోయి దారం తెచ్చుకున్నాను.

నల్లగొండ పోయే ముందు రోజు మధ్య ముడి సర్కారు ముడికి ఆనింది. అవ్వ రెండింటినీ వేలితో తడిమి చూసి, దారం చుట్ట చుట్టి సంచిలో పెట్టి జిప్పు వేసింది. మర్నాడు పొద్దున గ్రౌండులో వందల మంది, నొప్పుల మందు వాసన, ఎర్రమట్టి. ఉరుకుడులో ఇద్దరం దాటాము. అంగీలు విప్పి కొలతల వరసలో నిలబడ్డాము. మల్లేశు నా ముందు. వాడు "అయ్యా" అని గుంజి ఆగాడు. టేపు పట్టుకున్నాయన అంకె చెప్పాడు, పక్కన కూచున్నాయన రాసుకున్నాడు, మల్లేశు ఇంకా ఆగే ఉన్నాడు. ఇంక వదులు, సచ్చిపోతవు అంటే వదిలాడు.

నా వంతు వచ్చింది. గాలి పీల్చమన్నాడు. "అయ్యా" అనుకుంటూ గుంజాను. పెరిగింది, నాకు తెలుస్తోంది, టేపు జారుతున్న చల్లదనం వీపుకు తగులుతోంది. అప్పుడే రాసేటాయన పెన్ను ఆగింది. ఆయన దాన్ని విదిలించాడు. టేపాయన అటు చూశాడు. రెండు క్షణాలు. నలభై రోజులుగా రోజుకు ఎన్ని వందల సార్లు చేశానో, "అయ్యా" నిండగానే రెండో మాట దానంతట అది బయటికి వచ్చేది, నేను పంపాల్సిన పని లేదు. వచ్చేసింది. టేపాయన తిరిగి చూసేసరికి నేను మామూలు మనిషిని. ఇంకోసారి పీల్చమన్నాడు. పీల్చాను, మళ్ళీ అదే. ఆయన ఓపిక గల మనిషి, మూడోసారి కూడా ఇచ్చాడు. ఈసారి పళ్ళు బిగించాను, పిడికిళ్ళు బిగించాను, మా ఇంటినంతా లోపల బిగించి పట్టుకున్నాను. అది పళ్ళ సందుల్లోంచి, పైకి వినపడేట్టు, "ఉన్నవా" అంటూ వచ్చింది.

"ఈడనే ఉన్న గద బిడ్డా, యాడికి వోత," అన్నాడు టేపాయన. నాలుగున్నర అని చెప్పాడు. పెన్ను ఈసారి బాగా పనిచేసింది.

ఇప్పుడు ఆ ఉద్యోగానికి ఛాతీ కొలతే తీసేశారని విన్నాను. మా ఊళ్ళో నల్లా తిప్పితే కృష్ణా నీళ్ళు వస్తాయి, చిన్నపిల్లలు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతారు, ఫొటోల్లో ఊరు ఆనవాలు దొరకదు. బాపు ఒక బడి బస్సు నడుపుతున్నాడు. నీళ్ళ కంటే పిల్లలే ఎక్కువ తొణుకుతారని ఆయన ఫిర్యాదు. నేను ఏటా ఊపిరితిత్తుల పాఠం చెప్పి ఆ బొమ్మ బోర్డు మీద గీస్తాను. మా ఆవిడ కొనిచ్చిన చేతి గడియారం గంటకోసారి మణికట్టు మీద గిలిగింత పెట్టి, ఊపిరి తీసుకోమని గుర్తుచేస్తుంది. అవ్వకు చూపిస్తే, దీనికి కూడ పాస్టరు ఉన్నడా అని అడిగింది. పరీక్షలప్పుడు భయంతో బిగుసుకుపోయిన పిల్లలను పక్కకు పిలిచి నిదానంగా ఊపిరి తీయమంటాను. మాటలు మాత్రం చెప్పను. వాటి ఫలితం నాకు తెలుసు. ఫీజు గడువు దగ్గర పడ్డప్పుడు, బిడ్డకు జ్వరం దిగనప్పుడు, మొన్న అవ్వను పెట్టెలో పెట్టి మూత వేస్తున్నప్పుడు అవి వాటంతట అవే వచ్చాయి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. ఆ ఐదు సెంటీమీటర్ల కోసం పట్టిన అలవాటు, ఆ పని తప్ప అన్నీ చేస్తోంది.

ఆ రోజు నల్లగొండ నుంచి ఎండ తగ్గే వేళకు ఊరు చేరాను. మల్లేశు బస్సులో నా పక్కన కూచుని, తన సంతోషాన్ని దాచుకోవడానికి కిటికీ బయట చూస్తూనే ఉన్నాడు. ఇంటి ముందు బాపు ట్రిప్పులు లేని టాంకరును పైపు పెట్టి కడుగుతున్నాడు. నా ముఖం చూశాడు, ఒకసారి కడిగిన చక్రాన్నే మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు. అవ్వ వాకిట్లో మంచం మీద ఉంది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూచుని మాట్లాడటం మొదలుపెట్టాను. పెన్ను గురించి, మల్లేశు ఆగిన తీరు గురించి, టేపాయన జవాబు గురించి చెప్పాను. నవ్వు వచ్చేట్టే చెప్పాను, ఆగితే ఇంకేదో వస్తుందని ఆగకుండా చెప్పాను. సంఘం ప్రార్థన గురించి ఒక జోకు వేశాను, నల్లాల గురించి ఒకటి వేశాను. ఎవరూ నవ్వలేదు. చివరికి వేయడానికి జోకు లేక, అడిగాను.

"ఇన్నేండ్ల సంది పిలుస్తున్నవు గదా అవ్వా. ఒక్కసారన్న పలికిండా?"

బాపు పైపు ఆపాడు. అవ్వ మంచం మీద మెల్లగా, మనిషంతా, నా వైపు మళ్ళింది. దానికి కాస్త సమయం పట్టింది.

"నువ్వు జర నోరు మూస్తె గద, ఇనవడేది."